చిట్టి ముక్కలు ఊడొస్తున్నాయి, ఏం చేయను?

ప్రశ్న: గోడకు తగిలించడానికి చిన్న క్విల్ట్ (రెండు బట్టల మధ్య మెత్తటి పొర పెట్టి కుట్టేది) చేశాను. కొమ్మ, ఆకులు, రెండు పిట్టలు, అన్నీ ఫ్యూజిబుల్ వెబ్ (వేడికి కరిగి అతుక్కునే జిగురు పొర) పెట్టి ఇస్త్రీతో అతికించినవే. పెద్ద ముక్కలు బాగానే ఉన్నాయి కానీ గోరంత ఆకులు, పిట్టల ముక్కులు అంచుల దగ్గర లేస్తున్నాయి. క్విల్టింగ్ (పొరలన్నీ కలిపి కుట్టడం) కూడా అయిపోయింది. మళ్లీ ఇస్త్రీ చేస్తే చాలా, కుట్టాలా? కుడితే వెనక కనిపిస్తుందేమోనని టెన్షన్.

జవాబు: కుట్టాల్సిందేనండీ. పల్చటి రకం ఫ్యూజిబుల్ వెబ్ కుట్టేదాకా ముక్క కదలకుండా పట్టుకోవడానికే. అందులోనూ చిన్న ముక్కకి జిగురు పట్టే చోటు తక్కువ, అంచు ఎక్కువ, అందుకే ముందు అవే లేస్తాయి.

ముందు లేచిన చోట్ల పైన పల్చటి గుడ్డ వేసి మళ్లీ అతికించండి. ఇస్త్రీ పెట్టెని జరపకుండా ఎత్తి పెట్టి నొక్కాలి, వేడీ సమయమూ ప్యాకెట్ మీద చెప్పినంతే. ఎక్కువసేపు ఉంచితే జిగురు బట్టలోకి ఇంకిపోయి పట్టు ఇంకా తగ్గుతుంది, లోపల ఉన్న మెత్తటి పొర, అదే బ్యాటింగ్, పాలిస్టర్‌ది అయితే అది అణిగిపోతుంది కూడా.

ఇక కుట్టు. మిషన్ మీదైతే 70 నంబరు సూది, సన్న దారం, అంచుకి 1 నుంచి 1.5 మిల్లీమీటర్ల లోపలగా మామూలు తిన్నని కుట్టు చాలు. జిగ్‌జాగ్ వద్దు. నేనోసారి సెంటీమీటరు ముక్కుకి జిగ్‌జాగ్ వేస్తే అది ముక్కులా కాక గొంగళిపురుగులా తయారైంది! మూల దగ్గర సూది బట్టలోనే దించి ఉంచి, బట్టని నొక్కి పట్టే మిషన్ ఫుట్ ఎత్తి తిప్పుకోవాలి. మొదట్లో, చివర్లో వెనక్కి కుట్టకుండా దారాల్ని వెనకవైపుకి లాగి ముడేసి బ్యాటింగ్‌లోకి దూర్చేయండి, లేకపోతే అంత చిన్న ముక్క మీద గడ్డలా కనిపిస్తుంది. వెనక కుట్టు కనిపిస్తుంది, నిజమే, కానీ బాబిన్‌లో (మిషన్ కింది దారపు చుట్టలో) వెనక బట్ట రంగు దారం వేస్తే అదీ క్విల్టింగ్‌లో కలిసిపోతుంది. సూది జిగురెక్కి కుట్లు తప్పుతుంటే స్పిరిట్‌తో తుడవండి.

అసలు వెనక ఏమీ కనపడకూడదంటే చేత్తోనే కుట్టాలి. సూది పైబట్టనీ బ్యాటింగ్‌నీ మాత్రమే పట్టుకుని రావాలి, ఓపిక కావాలి కానీ ఆకు కొసల్లాంటి చోట నాకైతే ఇదే నచ్చుతుంది.

ఒకే చోట చాలా ముక్కలుంటే అంతటి మీదా సన్నటి నెట్ పరిచి, ముక్కల చుట్టూ కుట్టి, మిగిలింది కత్తిరించేయొచ్చు. తెలుపు కంటే ముదురు రంగు నెట్ తక్కువ కనిపిస్తుంది, కిందున్న రంగులు మాత్రం కాస్త మందగిస్తాయి. ఆ తర్వాత ఇస్త్రీ పెట్టె దగ్గరికి రానివ్వకండి, నైలాన్ నెట్ కరిగిపోతుంది.

పిట్ట కళ్లు కూడా బట్ట ముక్కలే అయితే పీకేసి, ఆ చోట దారంతో ఫ్రెంచ్ నాట్ (దారాన్ని సూదికి చుట్టి వేసే చిన్న ముడి) ఒకటి వేయండి.