కొబ్బరి డబ్బులు పడ్డాయి, అకౌంట్ ఫ్రీజ్ అయ్యింది

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గరండి, కొబ్బరికాయల వ్యాపారం. ఫోన్లో పరిచయమైన బయటి రాష్ట్రం పార్టీ 48 వేలు వేస్తే లోడు పంపేశాను. నెల తిరిగేసరికి అకౌంట్ మొత్తం ఫ్రీజ్. ఎక్కడో సైబర్ పోలీసులు ఆపమన్నారంట. దింపు కూలీలకి కూడా ఇవ్వలేకపోతున్నాను, నేనేం తప్పు చేశానండి?

జవాబు: తప్పు మీది కాదండి, ఆ 48 వేలు ఎవరిదన్నదే గొడవ. ఒకాయన్ని మోసం చేసి కొట్టేసిన డబ్బుని ఒక్కచోట ఉంచరు, గబగబా నాలుగైదు అకౌంట్లు తిప్పేస్తారు, ఆ పోగొట్టుకున్నాయన సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే ఆ డబ్బు వెళ్లిన దారి పట్టుకుని ఎక్కడికి చేరిందో అక్కడల్లా ఆపించేస్తారు. అందులో మీ అకౌంటొకటి. అంతమాత్రాన మీరు ముద్దాయి అయిపోరు.

ముందు బ్యాంకులో కాగితం పెట్టి ఏ స్టేషను, కంప్లైంట్ నంబరెంత, ఏ తారీఖున పడ్డ ఎంత సొమ్ము మీద గొడవ అని అడగండి. నోటిమాటతో లేచి వచ్చెయ్యకండి, మీ కాపీ మీద స్టాంపు వేయించుకోండి. ఆ స్టేషన్‌కి మెయిల్లో బిల్లు, లారీ రసీదు, వాట్సాప్ చాట్ పంపండి. చాట్ డిలీట్ చెయ్యొద్దు, ఆ ఫోన్ అమ్మొద్దు, రేపు కోర్టులో పెట్టాలంటే సాక్ష్యాల చట్టం, అదే భారతీయ సాక్ష్య అధినియమ్, 63వ సెక్షన్ కింద ఆ చాట్ ఆ ఫోన్లోదేనని చెప్పే సర్టిఫికెట్ కావాలి. మనవాళ్లు దెబ్బతినేది ఇక్కడే, మాట మీద సరుకెక్కించేసి చీటీ ముక్క కూడా ఉంచుకోరు.

బ్యాంకు అకౌంటుని పోలీసులు ఆపొచ్చని సుప్రీంకోర్టు 1999లోనే చెప్పింది. ఇప్పుడది బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 106వ సెక్షన్, ఆపాక వెంటనే మేజిస్ట్రేటుకి తెలపాలి కూడా. కానీ 48 వేల గొడవకి మొత్తం అకౌంట్ బిగించెయ్యడమేంటి? పోలీసులు రాసిన మొత్తం వరకే ఆపమని 2023లో కేరళ హైకోర్టు బ్యాంకులకి చెప్పింది, ఆ తీర్పు మన కోర్టుల్ని కట్టిపడెయ్యదు గానీ చూపించడానికి బానే పనికొస్తుంది. మెయిల్‌కి పలక్కపోతే ఆ స్టేషన్ పరిధి మేజిస్ట్రేటు దగ్గర అదే బీఎన్ఎస్ఎస్ 503వ సెక్షన్ కింద పిటిషన్ వెయ్యాలి, దూరాభారం తప్పదు, అక్కడా తేలకపోతే హైకోర్టులో రిట్, అంటే పోలీసులకి, బ్యాంకుకి ఆదేశమివ్వమని వేసే పిటిషన్.

ఈలోపు ఆ పార్టీ ఫోన్ చేసి డబ్బు ఇంకో అకౌంటుకి తిరిగేసెయ్యమంటే వెయ్యకండి, అప్పుడు మీరూ ఆ గొలుసులో చేరినట్టుంటుంది. పదివేలిస్తే అన్‌ఫ్రీజ్ చేయిస్తామని తగులుకునేవాళ్లుంటారు, వాళ్ల మాట విన్నారంటే ఈసారి 1930కి ఫోన్ చెయ్యాల్సింది మీరేనండి.