హార్డ్ డిస్క్ ఫార్మాట్ చేయించకండి, మీ సాక్షి అదే

ప్రశ్న: మాది పర్లాకిమిడిలో కరెంటు సామాన్ల హోల్‌సేల్ దుకాణం. గుమస్తా పాతపట్నం నుంచి వస్తాడు. సాయంత్రాలు ఇంటి నుంచే తన లాప్‌టాప్‌తో మా కంప్యూటర్‌కి కనెక్ట్ అయి రాత్రి దాకా బిల్లులు ఎక్కిస్తుంటాడు. షాపులో నలుగురికీ ఒకే పాస్‌వర్డ్. పోయిన సోమవారం పొద్దున షాపు తెరిచి చూస్తే ఒక్క ఫైలూ తెరుచుకోలేదు. బిట్‌కాయిన్‌లో డబ్బు కట్టాలని, లేకపోతే మా ఖాతాదారుల వివరాలు బయటపెడతామని స్క్రీన్ మీద ఇంగ్లీషులో నోటు ఉంది. నాలుగేళ్ల లెక్కలు, 11 లక్షల దాకా అరువు బాకీలు అందులోనే ఉన్నాయి. ఒక స్టేషన్‌కి వెళ్తే ‘కనెక్షన్ ఆంధ్రా నుంచి కదా, అక్కడ ఇవ్వండి’ అన్నారు. సరిహద్దు దాటి ఇంకో స్టేషన్‌కి వెళ్తే ‘షాపు ఒడిశాలో ఉంది కదా’ అన్నారు. పైగా మా సాఫ్ట్‌వేర్ కొన్నది కాదు, తెలిసినవాళ్లు వేసిపెట్టింది. అందుకే కేసంటే భయంగా ఉంది. నష్టాన్ని గుమస్తా జీతంలో కోసుకోవచ్చా? రిపేరు అబ్బాయి రేపు ఫార్మాట్ చేస్తానంటున్నాడు.
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: ముందు ఆ రిపేరు అబ్బాయికి ఫోన్ చేసి ఆగమని చెప్పండి. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

రెండేళ్ల కిందట ఒక జిరాక్సు షాపాయన ఇలాంటి గొడవతోనే నా దగ్గరికి వచ్చాడు. అప్పటికే కంప్యూటర్‌లో కొత్త విండోస్ వేయించేశాడు, అది తళతళలాడుతోంది. నేరం జరిగిందని చూపించడానికి ఆయన దగ్గర మిగిలింది ఫోన్‌లో మసకగా తీసిన ఒక్క ఫొటో. అందులోనూ సగం ఆయన బొటనవేలే. ఇంట్లో దొంగతనం జరిగితే పోలీసులు వచ్చేదాకా గదిలో ఏదీ ముట్టుకోనివ్వం. మీ కేసులో ఆ గది మీ హార్డ్ డిస్కే. నెట్ వైరు పీకేసి, డిస్క్ ఊడదీయించి కవర్లో పెట్టి, తేదీ వేసి ఇద్దరి సంతకాలతో సీలు చేయండి. షాపు నడవడానికి వేరే డిస్క్ కొనుక్కోండి. దొంగలు ఫైళ్లకు వేసే కొన్ని రకాల తాళాలను విడిపించే సాధనాలు ఉచితంగానే దొరుకుతాయి. యూరప్ దేశాల ఉమ్మడి పోలీసు సంస్థ యూరోపోల్, డచ్ పోలీసులు మరికొందరితో కలిసి 2016లో మొదలుపెట్టిన ‘నో మోర్ రాన్సమ్’ సైటులో మీ ఫైళ్ల రకానికి ఏమైనా ఉందేమో చూడొచ్చు. ఈరోజు లేకపోయినా ఆర్నెల్లకు రావచ్చు. డిస్క్ చెరిపేస్తే ఆ దారి కూడా మూసుకుపోతుంది.

ఇక స్టేషన్ల సంగతి. సరిహద్దు ఊళ్లలో ‘ఇది మాది కాదు’ అనే మాట నేను విననిరోజు లేదు. చట్టం మాత్రం అలా అనదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 173వ సెక్షన్ ప్రకారం, పోలీసులు నేరుగా కేసు కట్టదగిన నేరమైతే, అది ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. జీరో ఎఫ్ఐఆర్ అంటారే, అదే. కట్టాక సంబంధిత స్టేషన్‌కి పంపుకోవడం వాళ్ల పని. అయినా మీకు అంత దూరం అక్కరలేదు. నేరం ఎక్కడ చేసినా దాని ఫలితం పడ్డ చోట కూడా విచారించవచ్చని 199వ సెక్షన్ చెబుతోంది. ఫైళ్లు లాక్ అయింది మీ షాపులో. కాబట్టి పర్లాకిమిడి స్టేషన్‌కి పూర్తి అధికారం ఉంది.

ఫిర్యాదులో ఐటీ (ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ) చట్టం 66వ సెక్షన్, భారతీయ న్యాయ సంహిత 308వ సెక్షన్ రాయండి. మొదటిది అనుమతి లేకుండా కంప్యూటర్‌లో దూరి పాడుచేయడం గురించి. మూడేళ్ల జైలు లేదా 5 లక్షల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. రెండోది బెదిరించి వసూలు చేయడం గురించి. మీరు రూపాయి కట్టకపోయినా, వసూలు కోసం బెదిరించడమే నేరం. ఐటీ చట్టం కేసుని ఇన్‌స్పెక్టర్ స్థాయికి తగ్గని అధికారే దర్యాప్తు చేయాలి కాబట్టి నేరుగా ఇన్‌స్పెక్టర్‌నే కలవండి. ఇంకా వద్దంటే అదే ఫిర్యాదుని స్పీడ్ పోస్టులో గజపతి జిల్లా ఎస్పీకి పంపండి. అక్కడా కదలకపోతే మెజిస్ట్రేట్ కోర్టు ఉంది. ఈలోగా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా నమోదు చేసుకోండి. 1930 హెల్ప్‌లైన్ నంబరు డబ్బు పోయినప్పటి కోసం. బ్యాంకు ఖాతాలో తేడా కనిపిస్తే నిమిషం ఆగకుండా ఆ నంబరుకి చేయాలి. కంప్యూటర్ దాడుల సంగతి చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్‌కి ఇలాంటివి తెలిసిన 6 గంటల్లో చెప్పాలని 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాల్లో ఉంది. మీకు ఆ గడువు దాటిపోయింది, అయినా ఆలస్యంగానైనా ఒక మెయిల్ పెట్టండి.

తెలుగులో రాస్తే తీసుకుంటారా అని మీరు అడగలేదు గానీ, పర్లాకిమిడి నుంచి వచ్చే ప్రతివాళ్లూ అడుగుతారు. నోటితో చెప్పినా రాసుకుని, మీకు చదివి వినిపించి, ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. అయినా నా అనుభవంలో ఇంగ్లీషులో ఒక పేజీ రాసి తీసుకెళ్తే పని సులువు. ఒడియాలో వాళ్లు రాసిన దానిమీద అర్థంకాకుండా సంతకం మాత్రం పెట్టకండి.

కంప్యూటర్ మొత్తం పట్టుకెళ్లి ఏళ్లతరబడి స్టేషన్‌లో పడేస్తారన్న భయం చాలామందిది. డిస్క్ వేరు చేయమన్నది అందుకు కూడా. అది ఇచ్చేటప్పుడు స్వాధీన పత్రం కాపీ అడగండి. అందులో డిస్క్ హాష్ విలువ రాయించండి. లోపల ఒక్క అక్షరం మారినా ఆ సంఖ్య మారిపోతుంది, వేలిముద్ర లాంటిది. భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద కోర్టులో ఇవ్వాల్సిన సర్టిఫికెట్‌కి అది కావాలి.

కొనని సాఫ్ట్‌వేర్ గురించి దాచకుండా చెబుతాను. అది నేరమే. దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్ ప్రోగ్రాం వాడితే కాపీరైట్ చట్టం 63బి కింద కనీసం ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. అలాగని మీ మీద జరిగిన నేరం నేరం కాకుండా పోదు. ఫిర్యాదులో ఆ విషయం ఎత్తాల్సిన పని లేదు, కానీ అడిగితే అబద్ధం చెప్పొద్దు. కొత్త డిస్క్‌లో మాత్రం లైసెన్స్ ఉన్నదే వేయించండి. ‘తెలిసినవాళ్లు వేసిపెట్టిన’ క్రాక్ ఫైలుతోనే వైరస్ లోపలికి రావడం కొత్తేమీ కాదు. గుమస్తాని అనుమానించే ముందు ఇది కూడా చూడండి.

గుమస్తా జీతం విషయంలో నేను మీ పక్షం కాదు. ఒకే పాస్‌వర్డ్ షాపులో నలుగురికీ ఇచ్చి, ఇంటి నుంచి రాత్రి దాకా పని చేయించుకుని, ఇప్పుడు నష్టమంతా అతని నెత్తిన వేస్తానంటే ఎలా? దొంగలతో చేతులు కలిపాడని ఆధారం ఉంటే అది వేరు కేసు. అజాగ్రత్త మాత్రమే అయితే 66 కింద నేరం కాదు. ఆ సెక్షన్‌కి దురుద్దేశం ఉండాలి. చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా జీతం కోస్తే ఎదురు కేసు మీ మీదే పడుతుంది. పైగా ఆ రాత్రి లాగిన్ వివరాలున్న లాప్‌టాప్ అతని దగ్గరే ఉంది. మీ కేసుకి అతను ముఖ్యమైన సాక్షి, అతన్ని దూరం చేసుకోకండి.

డబ్బు కట్టొచ్చా? కట్టినవాడిది నేరమని విడిగా చెప్పే సెక్షన్ లేదు. అయినా కట్టొద్దనే నా సలహా. కడితే తాళం ఇస్తాడని ఏమిటి హామీ? బిట్‌కాయిన్ ఎవరి చేతికి పోయిందో రేపు ఏ శాఖైనా అడిగితే మీ దగ్గర జవాబు ఉండదు.

అసలు పని 11 లక్షల బాకీలది. జీఎస్టీ ఉన్న దుకాణాలకు మీరు వేసిన బిల్లులు ఒక్కొక్కటీ మీ పాత జీఎస్టీఆర్-1లలో (అమ్మకాల రిటర్నుల్లో) ఉంటాయి, పోర్టల్ నుంచి దింపుకోండి. పాతపట్నం, టెక్కలి వైపు పోయిన సరుకు రాష్ట్రం దాటినట్టే కాబట్టి 50 వేలు దాటిన వాటికి ఈ-వే బిల్లులు (సరుకు రవాణా పత్రాలు) ఉంటాయి. కొనుగోళ్ల వివరాలకు అదే పోర్టల్‌లో జీఎస్టీఆర్-2బి అనే పట్టిక ఉంది. మిగతావి బ్యాంకు స్టేట్‌మెంట్ నుంచి, వాట్సాప్‌లో పంపిన బిల్లు ఫొటోల నుంచి ఏరుకోవాలి. జీఎస్టీ లేని చిన్న కొట్లదే కష్టం. రిటర్నుల్లో వాటి మొత్తాలే ఉంటాయి.

అందుకే ఈ వారంలోనే ప్రతి కొట్టుకీ వెళ్లి, ‘ఫలానా తేదీకి నేను ఇంత బాకీ’ అని ఒక కాగితం మీద సంతకం తీసుకోండి. బాకీ దావా గడువు మూడేళ్లు. ఆ లోపే సంతకంతో ఒప్పుకుంటే, లిమిటేషన్ చట్టం 18వ సెక్షన్ ప్రకారం ఆ రోజు నుంచి కొత్త గడువు మొదలవుతుంది. కోర్టులో ఖాతా పుస్తకం ఒక్కటే చాలదు కాబట్టి ఆ సంతకం కాగితానికి మీ పోయిన లెడ్జర్ కంటే బలం ఎక్కువ. ‘కంప్యూటర్ పోయింది, లెక్కలు లేవు’ అని మాత్రం ఎవరితోనూ అనకండి. ఆ మాట విన్నాక బాకీ తగ్గించి చెప్పనివాడు అరుదు.

ఖాతాదారుల ఆధార్, పాన్ కాపీలు ఆ డిస్క్‌లో ఉంటే వాళ్లకి విషయం చెప్పడం మంచిది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టానికి నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. అందులోని బాధ్యతలు విడతలవారీగా అమలవుతాయి. తగిన భద్రత పెట్టనందుకు జరిమానా 250 కోట్ల దాకా ఉంది. మీ షాపుకి అంత వేస్తారని కాదు, కానీ అక్కరలేని ఆధార్ కాపీలు ఇకమీదట దాచుకోకండి.

లెక్కలు ఎలక్ట్రానిక్‌గా ఉంచేవాళ్లు బ్యాకప్ కూడా పెట్టాలని జీఎస్టీ 57వ నిబంధనలోనే ఉంది. రెండు బయటి డిస్కులు కొని ఒక్కో రాత్రి ఒక్కోటి వాడండి, కాపీ అవగానే ఊడదీసి ఇంటికి తీసుకెళ్లండి. తగిలించి ఉన్న డిస్క్‌ని కూడా ఈ వైరస్ లాక్ చేసేస్తుంది. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మామూలు మద్దతు ఆగిపోయింది, కొత్త డిస్క్‌లో అది వేయించకండి. గుమస్తాకి విడిగా లాగిన్ ఇచ్చి, ఫోన్‌కి ఓటీపీ వస్తేనే బయటి నుంచి కనెక్షన్ తెరుచుకునేలా పెట్టించండి.