బొటనవేలి గుర్తు హామీ అవుతుందా?

ప్రశ్న: అడ్వకేట్ గారికి నమస్కారం. నేను పదేళ్లుగా యానిమే ఫిగర్లు (జపాన్ యానిమేషన్ పాత్రల బొమ్మలు) సేకరిస్తున్నాను. 2023 డిసెంబరులో ఇన్‌స్టాగ్రామ్‌లో ముంబయికి చెందిన ఒక అమ్మకందారు దగ్గర ఎస్.హెచ్.ఫిగ్యువార్ట్స్ బొమ్మల శ్రేణిలోని 'డ్రాగన్ బాల్' పాత్ర సూపర్ సయాన్ గోకు బొమ్మను రూ.9,800కు కొన్నాను. మిగతా చోట్ల అడిగే ధరలో అది సగం కూడా కాదు. పార్శిల్ డిసెంబరు 9న అందింది. సీలు విప్పితే విలువ పోతుందని అలాగే అద్దాల బీరువాలో దాచాను. ఈ అక్టోబరులో మా అబ్బాయి పుట్టినరోజున విప్పితే తుంటి జాయింటు నిలబడటం లేదు, మార్చుకునే ముఖాల మీద కళ్ల అచ్చు చెదిరింది, కమేహమేహా (శక్తి కిరణం వదిలే భంగిమ) చేతులు మణికట్టులోకి దిగడం లేదు, ప్లాస్టిక్ ఘాటుగా వాసన వస్తోంది. మరో కలెక్టర్ చూసి ఇది బూట్‌లెగ్, అంటే నకిలీ తయారీ అన్నాడు. అమ్మకందారును అడిగితే "రెండేళ్ల తర్వాతా?" అని, తన పాత సందేశాలన్నీ తీసేసి నన్ను బ్లాక్ చేశాడు. "ఒరిజినలేనా?" అన్న నా ప్రశ్న కింద అతను పెట్టిన, పైకెత్తిన బొటనవేలి ఎమోజీ గుర్తు స్క్రీన్‌షాట్ మాత్రం పాత ఫోనులో ఉంది. ఆ ఫోనును ఈ వారమే ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేస్తున్నాను. ఇంట్లో అందరి ముందూ నవ్వులపాలయ్యాను. నాకు న్యాయం జరుగుతుందా, లేక దీన్ని ఇంకో కలెక్టర్‌కు అమ్మేసి వదిలించుకోవడం మేలా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ముందుగా, ఆ ఫోనును ఎక్కడికీ ఇవ్వకండి. మీ కేసులో ఉన్న ఒకే ఒక్క గట్టి సాక్ష్యం అందులో ఉంది, మీరేమో దాన్ని రెండు మూడు వేల తగ్గింపు కోసం దుకాణం కౌంటరు మీద పెట్టబోతున్నారు.

మీ ఉత్తరంలో ఎక్కువ భాగం తుంటి జాయింటు గురించి, కళ్ల అచ్చు గురించి, ఇంట్లో ఎదురైన అవమానం గురించి ఉంది. వీటిలో ఏదీ కేసును తేల్చదు. జాయింటు వదులవడం అసలైన బొమ్మల్లోనూ జరుగుతుంది. అచ్చు కొద్దిగా పక్కకు పోవడమూ ఎప్పుడైనా జరిగేదే. అవి నాణ్యతాలోపాలని, రెండేళ్లు బీరువాలో ఉన్న వస్తువుకు అమ్మకందారు బాధ్యుడు కాడని అవతలి న్యాయవాది తేలిగ్గా వాదిస్తారు. తేల్చవలసిన విషయం ఒక్కటే: "ఒరిజినల్" అన్న మాట అమ్మకందారు మీకు ఇచ్చిన హామీయా, లేక మీ మనసులో మీరు అనుకున్నదా?

వర్ణనను బట్టి వస్తువు అమ్మినప్పుడు, ఇచ్చిన వస్తువు ఆ వర్ణనకు సరిపోవాలని 1930 నాటి వస్తు విక్రయ చట్టం 15వ సెక్షన్ చెబుతుంది. అసలైనదని అబద్ధంగా చెప్పుకొనే వస్తువును 2019 వినియోగదారుల రక్షణ చట్టం నకిలీ వస్తువుగా నిర్వచించింది. అందువల్ల మీ ప్రశ్నకు అతను "అవును" అని ఉంటే, జాయింటు గట్టిగా ఉన్నా వదులుగా ఉన్నా మీ ఫిర్యాదు నిలుస్తుంది. అనకపోయి ఉంటే, సగం ధరకు కొన్న సంగతి మీ మీదకే తిరుగుతుంది: "ఆ ధరకు అసలుది రాదని పదేళ్ల అనుభవం ఉన్న కలెక్టర్‌కు తెలియదా?" అని అడుగుతారు. ధర గురించి మీరే గర్వంగా రాసిన వాక్యాన్ని వాళ్లు కోర్టులో చదివి వినిపిస్తారు.

ఇక బొటనవేలి గుర్తు. నేరుగా అడిగిన ప్రశ్న కింద, డబ్బు పంపే ముందు పెట్టిన ఆ గుర్తును ఔనన్న సమాధానంగానే చదవాలని నేను వాదిస్తాను. కెనడాలోని సస్కాచివాన్ ప్రావిన్సు న్యాయస్థానం 2023లో ఒక అవిసె గింజల అమ్మకం వివాదంలో ఇదే గుర్తును ఒప్పందానికి అంగీకారంగా పరిగణించి, గింజలు ఇవ్వని రైతు నష్టపరిహారం చెల్లించాలని తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు మన వినియోగదారుల కమిషన్లను కట్టిపడేయదు, అయినా వాదనకు ఊతంగా పనికొస్తుంది. "సందేశం చూశాను అనే అర్థంలో పెట్టాను" అని అతను తప్పకుండా అంటాడు. దానికి జవాబు క్రమంలోనే ఉంది: ప్రశ్న, గుర్తు, ఆ తర్వాత మీ యూపీఐ చెల్లింపు. ఈ మూడింటి సమయాలూ పక్కపక్కన కనిపించేలా చూపించగలగాలి.

అతను తన వైపు సందేశాలు తీసేశాడు కాబట్టి, మీ ఇన్‌స్టాగ్రామ్ ఖాతా సమాచారాన్ని డౌన్‌లోడ్ చేసుకున్నా మీ ప్రశ్న దొరుకుతుందేమో గానీ అతని గుర్తు దొరకదు. స్క్రీన్‌షాట్ ఫైలు, దానితో పాటు అది తయారైన తేదీ, అది పుట్టిన ఫోనులో ఉన్నంత కాలమే నమ్మకంగా కనిపిస్తాయి. వాట్సాప్‌లో అటూ ఇటూ పంపుకున్న నకలుకు ఆ బలం ఉండదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే సంకేత సంఖ్య) తెలిపే ధ్రువపత్రాన్ని జత చేయాలి. అందులో ఒక భాగంలో మీరు, రెండో భాగంలో నిపుణుడు సంతకం చేయాలి. వినియోగదారుల కమిషన్లు సాక్ష్య చట్టాన్ని అక్షరం తప్పకుండా పట్టించుకోకపోవచ్చు, కానీ అవతలివాళ్లు "ఇది కల్పించిన బొమ్మ" అన్న రోజున ఆ ధ్రువపత్రమే మిమ్మల్ని కాపాడుతుంది. అతని పేజీ ఇంకా తెరిచి ఉంటే, అక్కడ అమ్మకానికి పెట్టిన బొమ్మలన్నింటినీ మిత్రుడి ఖాతా నుంచి ఈ రోజే తేదీతో సహా తీసి పెట్టుకోండి. "నా సొంత సేకరణలోది ఒకటి అమ్మాను, నేను వ్యాపారిని కాను" అనే వాదన రాబోతుంది. వ్యాపారంగా కాక వ్యక్తిగతంగా చేసే అమ్మకాలకు 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు వర్తించవు కాబట్టి, ఆ వాదనను మొదట్లోనే తుంచేయాలి.

కాలపరిమితి విషయంలో మీరు ప్రమాదపు అంచున ఉన్నారు. వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్ ప్రకారం వ్యాజ్య కారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. మోసం బయటపడింది ఈ నెలలోనే కాబట్టి గడియారం ఇప్పుడే మొదలైందని మీరు అనుకుంటున్నట్లున్నారు. నేను దాని మీద ఒక్క రూపాయి కూడా పందెం కాయను. మోసం తెలిసిన నాటి నుంచి అని చెప్పుకునేవారిని, తగిన జాగ్రత్త తీసుకుని ఉంటే ముందే తెలిసేది కాదా అని ఎదుటివారు అడుగుతారు. మీరు పంపిన ఫొటోల్లో పెట్టె వెనుక తయారీదారు పేరులో ఒక అక్షరం ఎగిరిపోయింది, యానిమే తీసిన టోయీ యానిమేషన్ సంస్థ లైసెన్సు స్టిక్కరు ఉండవలసిన చోట ఖాళీగా ఉంది, హక్కుదారుల వరుసలో పాత్ర సృష్టికర్త సంస్థ బర్డ్ స్టూడియో పేరే లేదు. ఇవేవీ చూడటానికి సీలు విప్పనవసరం లేదు. పార్శిల్ అందిన సాయంత్రం పెట్టెను వెలుగులో తిప్పి చూసి ఉంటే ఈ ఉత్తరం రెండేళ్ల ముందే వచ్చేది. సీలు విప్పకపోవడం మీ సేకరణ నియమం కావచ్చు. పెట్టె చదవకపోవడం మాత్రం అజాగ్రత్త. కాబట్టి పార్శిల్ అందిన 2023 డిసెంబరు 9నే లెక్కకు తీసుకుని, డిసెంబరు మొదటి వారంలోపే ఫిర్యాదు దాఖలు చేయండి. ఆలస్యాన్ని మన్నించమని కోరే వీలు అదే సెక్షన్‌లో ఉంది, కానీ సరైన కారణం చూపించాలి; "విలువ పోతుందని విప్పలేదు" అన్నది ఎంత మంది కమిషన్ సభ్యులకు సరైన కారణంగా కనిపిస్తుందో ఊహించుకోండి. నోటీసు పంపినంత మాత్రాన గడువు పెరగదని కూడా గుర్తుంచుకోండి. నోటీసు పంపి సమాధానం కోసం కూర్చుని గడువు పోగొట్టుకున్నవాళ్లను నేను ఏటా చూస్తున్నాను.

ఇక మీ చివరి ప్రశ్న. ఈ బొమ్మను ఇంకో కలెక్టర్‌కు అసలైనదిగా అమ్మితే మీరు బాధితుడి స్థానం నుంచి నిందితుడి స్థానానికి వెళతారు. భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద మోసం, 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం 104వ సెక్షన్ కింద నకిలీ వ్యాపార చిహ్నం ఉన్న సరుకు అమ్మడం, రెండూ వర్తిస్తాయి. రెండో దానికి ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా ఉన్నాయి. అసలుదో కాదో అనుమానించే కారణమే లేక, జాగ్రత్తలు తీసుకుని అమ్మినవారికి ఆ సెక్షన్‌లో మినహాయింపు ఉంది. బూట్‌లెగ్ అని మీ చేత్తో మీరే రాసి నాకు పంపిన తర్వాత ఆ మినహాయింపు మీకు దక్కదు. అమ్మకందారు పేరు పెట్టి సోషల్ మీడియా పేజీల్లో దొంగ అని రాయడం కూడా ఇప్పుడు వద్దు. అది అతని చేతికి పరువునష్టం ఆయుధం ఇస్తుంది.

చేయవలసింది ఇది. బొమ్మను జిగురు పెట్టి అతికించకండి, రంగు వేయకండి, పెట్టె మడత కూడా పాడు చేయకండి. పెట్టె ఆరు వైపులా, బొమ్మను పట్టి ఉంచే ప్లాస్టిక్ బ్లిస్టర్ ట్రే, బొమ్మ అరికాలు, వీపు అన్నీ సాధారణ వెలుగులో వీడియో తీసి, ఇద్దరు సాక్షుల సమక్షంలో ప్యాక్ చేసి సంతకాలు పెట్టించండి. కొరియర్ కవరు మీద పంపినవారి చిరునామా ఉంటే అదే మీ ప్రతివాది చిరునామా. కవరు పారేసి ఉంటే యూపీఐ లావాదేవీలో కనిపించే పేరుతో బ్యాంకు స్టేట్‌మెంటు తీసుకోండి. నకిలీ అని నిరూపించడానికి వినియోగదారుల రక్షణ చట్టం 38వ సెక్షన్ కింద ప్రయోగశాల పరీక్ష కోరవచ్చు, కానీ పీవీసీ ప్లాస్టిక్ నాణ్యత చెప్పే ప్రయోగశాల పెట్టె మీది వ్యాపార చిహ్నం అసలుదో కాదో చెప్పదు. దాని బదులు, పెట్టె ఫొటోలతో తయారీదారుకు ఈమెయిల్ రాయండి, సమాధానం వస్తే అది బంగారం. రాకపోతే, ఇదే బొమ్మ అసలుది సొంతంగా ఉన్న మీ మిత్రుడి చేత రెండింటినీ పక్కపక్కన పోల్చుతూ ప్రమాణపత్రం ఇప్పించండి. అందులో వాసన గురించి రాయించకండి. అక్షరాలు, స్టిక్కరు, హక్కుదారుల వరుస, చేతిని మణికట్టులో నిలిపే పెగ్గు కొలత, ఈ నాలుగింటి గురించే రాయించండి.

పదిహేను రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, సమాధానం వచ్చినా రాకపోయినా ఈ-జాగృతి పోర్టల్ ద్వారా విజయవాడలోని జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. అమ్మకందారు ముంబయిలో ఉన్నా, అదే చట్టం 34వ సెక్షన్ మీ నివాసం ఉన్న చోటే ఫిర్యాదు వేసుకునే హక్కు ఇస్తుంది. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపు కాబట్టి రుసుము ఉండదు. రూ.9,800, దాని మీద వడ్డీ, ఖర్చులు, ఒక మోస్తరు పరిహారం అడగండి. ఇంట్లో నవ్వులపాలైనందుకు లక్షలు అడిగితే మిగతా ఫిర్యాదును కూడా తేలిగ్గా చూస్తారు. నోటీసు అందగానే అతను రాజీకి వస్తే, సొమ్ము మీ ఖాతాలో పడి, అది ఎందుకిచ్చాడో రాతపూర్వకంగా వచ్చిన తర్వాతే బొమ్మను చేతికివ్వండి. ఇచ్చే ముందు పెట్టెకు మరొకసారి అన్ని వైపులా వీడియో తీయండి.