పాఠకుల ప్రశ్నలు: 4.2 ఎవరి లెక్క, కుదుపు ఎవరి లెక్క?

ప్రశ్న: ఇటీవల తెల్లవారుజామున మా ఇంటి కిటికీ అద్దాలు ఒక్కసారిగా దడదడలాడి, నాలుగైదు సెకన్లలో ఆగిపోయాయి. భూకంప తీవ్రత 4.2 అని, లోతు 10 కిలోమీటర్లని మొదట చెప్పారు, సాయంత్రానికి 4.2 కాస్తా 4.4 అయింది. తక్కువ లోతులో వచ్చిన తేలికపాటి భూకంపమట. లోతు తక్కువైతే మంచిదా, చెడ్డదా? ఒకే భూకంపానికి రెండు అంకెలు ఎలా వస్తాయి?

జవాబు: మన పత్రికల్లో ‘తీవ్రత’ అన్న ఒక్క మాటే రెండు వేర్వేరు కొలతలకు వాడుతున్నారు, చిక్కు అక్కడే మొదలవుతుంది. మీకు చెప్పిన 4.2 భూగర్భంలో శిలలు జారిన చోట ఎంత కదలిక జరిగిందో తెలిపే కొలత. దీన్ని పరిమాణం అనడం మేలు. మీ ఇల్లు ఎంత అదిరిందన్నది రెండో కొలత; అసలైన తీవ్రత అదే, అది ఊరూరికీ మారుతుంది. సవరించిన మెర్కాలి స్కేలుపై దాన్ని 1 నుంచి 12 వరకు లెక్కిస్తారు. కిటికీలు, గిన్నెలు గలగలలాడి, బరువైన లారీ వచ్చి గోడను గుద్దినట్టు అనిపిస్తే అది 4వ మెట్టు. మీ అనుభవం దాదాపు అదే. అయితే ఈ 4కూ ఆ 4.2కూ అంకె కలవడం కాకతాళీయమే.

పరిమాణాన్ని కొలిచే పద్ధతిని 1935లో అమెరికా భూకంప శాస్త్రవేత్త చార్లెస్ రిక్టర్ ప్రతిపాదించారు. 100 కిలోమీటర్ల దూరంలో, నేల కదలికను గీతగా నమోదుచేసే ఒక నిర్ణీత రకం సిస్మోగ్రాఫ్‌పై గీత 1 మిల్లీమీటరు ఊగితే దాన్ని 3గా, 10 మిల్లీమీటర్లు ఊగితే 4గా తీసుకున్నారు. పెద్ద భూకంపాలకు ఇప్పుడు వాడుతున్నది 1979 నాటి మొమెంట్ మాగ్నిట్యూడ్ స్కేలు. వార్తల్లో మాత్రం అన్నీ రిక్టర్ ఖాతాలోకే పోతున్నాయి. ఒక అంకె పెరిగితే కంపనం 10 రెట్లు, విడుదలయ్యే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతాయి. ఆ లెక్కన 4.2కూ 4.4కూ మధ్య శక్తి రెట్టింపవుతుంది. అంతమాత్రాన పొద్దున తప్పు చెప్పారని కాదు. మొదటి లెక్క అందుబాటులో ఉన్న కొద్ది భూకంప నమోదు కేంద్రాల కొలతలతో నిమిషాల్లో వేసింది. ఒక్కో కేంద్రం కింది నేలను బట్టి, తరంగం వచ్చిన దిక్కును బట్టి విలువలు మారుతాయి కనుక, మరిన్ని నమోదులు చేరాక సగటు 0.1, 0.2 జరగడం మామూలే.

ఇక లోతు. 70 కిలోమీటర్ల లోపు వచ్చేవన్నీ తక్కువ లోతు భూకంపాలే. 10 అంటే మరీ పైన. భూగర్భంలో శిలలు జారడం మొదలైన చోటు భూకంప నాభి; దానికి సరిగ్గా పైన, నేల మీద ఉన్న బిందువును అధికేంద్రం అంటారు. అక్కడికి 5 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇంటికి, నాభి 10 కిలోమీటర్ల లోతున ఉంటే అసలు దూరం సుమారు 11 కిలోమీటర్లు. అదే 100 కిలోమీటర్ల లోతున ఉంటే 100 పైచిలుకు. కాబట్టి పరిమాణం ఒకటే అయినప్పుడు, దగ్గరివాళ్లకు తక్కువ లోతే చెడ్డది. 1960లో మొరాకోలోని అగాదిర్ నగరాన్ని నేలమట్టం చేసి, వేలమందిని బలిగొన్న భూకంపం పరిమాణం 6 కూడా లేదు. అది నగరం కిందే, తక్కువ లోతులో వచ్చింది. 2013 మేలో రష్యా తూర్పు కొసన ఉన్న ఓఖోట్స్క్ సముద్రం కింద 600 కిలోమీటర్ల లోతున వచ్చిన 8.3 భూకంపం మాస్కో దాకా తెలిసింది గానీ, పెద్దగా నష్టం చేయలేదు. మీరు చూసిన భూకంపంలో కదిలిన పగులు ఒక చదరపు కిలోమీటరు, అటూఇటూ. జారింది కొన్ని సెంటీమీటర్లు. అంత చిన్న పగులు క్షణాల్లో జారిపోతుంది కనుకనే కుదుపు గట్టిగా వచ్చినా వెంటనే ఆగింది.

ప్రశ్న: చాలా భూకంపాలకు లోతు సరిగ్గా 10 కిలోమీటర్లే ఎందుకు ఉంటుంది?

జవాబు: చాలాసార్లు అది కొలిచింది కాదు, పెట్టుకున్నది. నాభి లోతు కచ్చితంగా తేలాలంటే అధికేంద్రానికి బాగా దగ్గరలో ఒక సిస్మోగ్రాఫ్ ఉండాలి. లేనప్పుడు లోతును 10గా స్థిరపరచి మిగతా లెక్క పూర్తిచేస్తారు. పూర్వం 33 అని పెట్టేవారు. దూరాన్ని మాత్రం మీరూ ఉజ్జాయింపుగా కట్టవచ్చు. మొదట తగిలే చిన్న అదురుకూ, ఆ వెంట వచ్చే పక్కవాటు ఊపుకూ మధ్య ఎన్ని సెకన్లో చూసి, దాన్ని 8తో హెచ్చించండి. వచ్చినన్ని కిలోమీటర్ల దూరంలో నాభి ఉన్నట్టు. ఒకటిన్నర సెకను అయితే 12 కిలోమీటర్లు.