కుండీలో కుళ్లిన నేలతంగేడు: సమాధానం

చెన్నైలోని వేళచ్చేరిలో మేడపై పెంచిన నేలతంగేడు కార్తీక మాసపు వానలకు ఆకులు పసుపుబారి, మొదలు కుళ్లిందని రాశారు. మందు చల్లేముందు మట్టిని చూడండి. సునాముఖి అని కూడా పిలిచే ఈ మొక్క సూడాన్, సోమాలియా, అరేబియా పొడినేలలది గనుక, ఇసుకలోకి వేరును లోతుగా దించి కొద్దిపాటి వానతోనే బతుకుతుంది గానీ, మొదలు దగ్గర నీరు నిలిస్తే తట్టుకోలేదు. తిరునెల్వేలి ప్రాంతంలో పేరుపడ్డ పంటే అయినా, చెన్నైలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే వానలే దీనికి గండం.

మెత్తబడిన మొక్కపై ఆశ వదులుకోండి. పలుచని, చదునైన కాయల్లోని గింజలను రాత్రంతా నానబెట్టి, సంక్రాంతి తర్వాత, సగం ముతక ఇసుక కలిపిన లోతైన కుండీలో విత్తి, వచ్చే వానాకాలం రేకు కిందికి జరపండి.