ఉబుంటులో డెబ్ ఫైర్‌ఫాక్స్ పెట్టుకున్నా స్నాప్ ఎందుకు తిరిగి వస్తోంది?

ఉబుంటు 22.04లో మొజిల్లా రిపోజిటరీ (దాని డెబ్ ప్యాకేజీలు, అంటే ఆప్ట్‌తో పెట్టుకునే మామూలు ప్యాకేజీలు, దొరికే చోటు) చేర్చినా, ఫైర్‌ఫాక్స్ మళ్లీ స్నాప్‌గానే, అంటే ఉబుంటు వాడే మరో ప్యాకేజీ రూపంలోనే, వస్తోందని అడిగారు. మీరు చేర్చిన రిపోజిటరీలో లోపమేమీ లేదు. రెండు వెర్షన్లను పక్కపక్కన పెట్టి చూడండి, కారణం తెలుస్తుంది.

స్నాప్‌ను తెచ్చిపెట్టేది ఉబుంటు ఇచ్చే ఫైర్‌ఫాక్స్ ప్యాకేజీ. దాని వెర్షన్ ‘1:1స్నాప్1’ అని మొదలవుతుంది. కోలన్‌కు ముందున్న ఆ 1 పేరు ఎపాక్. వెర్షన్లను పోల్చేటప్పుడు ఆప్ట్ (ఉబుంటులో ప్యాకేజీలను పెట్టే, అప్‌డేట్ చేసే సాధనం) మొదట చూసేది దాన్నే. మొజిల్లా ప్యాకేజీకి ఎపాక్ లేదు, అంటే సున్నా కింద లెక్క. అందుకే అది 128 అయినా 140 అయినా ఆప్ట్ దృష్టిలో పాతదే. రెండు రిపోజిటరీలకూ మామూలు ప్రాధాన్యం 500. అంకెలు సమానమైతే పెద్ద వెర్షన్‌దే గెలుపు.

మా కళాశాల ల్యాబులో ఉబుంటు కంప్యూటర్లు చూసుకునేది నేనే. అక్కడ ఈటీసీ, ఆప్ట్ కింద ఉన్న ప్రిఫరెన్సెస్.డి ఫోల్డర్‌లో ఒక చిన్న ఫైలు పెట్టాను. అందులో మూడే వరుసలు: ప్యాకేజీ పేరు ఫైర్‌ఫాక్స్, పిన్ దగ్గర ఆరిజిన్ (ప్యాకేజీ ఎక్కడి నుంచి రావాలో) ప్యాకేజెస్.మొజిల్లా.ఆర్గ్, పిన్-ప్రయారిటీ (దానికిచ్చే ప్రాధాన్యం) 1000. ఫైలు పేరుకు ఎక్స్‌టెన్షన్ ఉండకూడదు, ఉంటే అది ‘.ప్రెఫ్’ మాత్రమే కావాలి. ‘.టెక్స్ట్’ లాంటివి పెడితే ఆప్ట్ ఆ ఫైలును లెక్కలోకే తీసుకోదు.

990 చాలదా అంటే, ఇక్కడ చాలదు. ఇప్పటికే ఉన్న వెర్షన్ పెద్దదైతే 990 దాన్ని కదపదు. వెనకటి వెర్షన్‌కు దిగడానికి ఆప్ట్ ఒప్పుకునేది 1000 నుంచే.

ఆ బలం వల్లనే, ప్యాకేజీ పేరు బదులు నక్షత్రం గుర్తు పెట్టి బయటి రిపోజిటరీ మొత్తానికి 1000 ఇవ్వవద్దని గట్టిగా చెబుతాను. మొజిల్లా తన సూచనల్లో అలాగే ఇస్తుంది, అక్కడ ఉన్నవి దాని సొంత ప్యాకేజీలే కనుక ఫరవాలేదు. మిగతా చోట్ల అదే రిపోజిటరీలో ఏదైనా లైబ్రరీ (ఇతర ప్రోగ్రాములు ఆధారపడే ప్యాకేజీ) ఉంటే, అది మీ సిస్టమ్‌లోని లైబ్రరీని తోసేసి కూర్చుంటుంది. అలాంటి వాటికి నేను మొత్తంగా 100 వేసి, కావలసిన ఒక్క ప్యాకేజీకి పేరుతో 500 ఇస్తాను. ఈ రెండు భాగాల మధ్య ఒక ఖాళీ వరుస తప్పనిసరి.

తర్వాత ‘ఆప్ట్-క్యాష్ పాలసీ ఫైర్‌ఫాక్స్’ నడపండి. క్యాండిడేట్ (ఆప్ట్ ఇన్‌స్టాల్ చేయబోయే వెర్షన్) ఎదురుగా మొజిల్లా వెర్షన్, పట్టికలో దాని పక్కన 1000 కనబడితేనే ఇన్‌స్టాల్ చేయండి. మీ కంప్యూటర్‌లో అన్‌అటెండెడ్-అప్‌గ్రేడ్స్ (అప్‌డేట్లను తనంతట తానే పెట్టే ప్రోగ్రాము) నడుస్తుంటే, దాని అనుమతుల జాబితాలో కూడా మొజిల్లాను చేర్చాలి. లేకపోతే బ్రౌజరు భద్రతా సవరణలు వాటంతట అవి రావు.