గేర్ల బండి ఎక్కగానే అరచేతులు చెమర్చితే

ప్రశ్న: నా వయసు 34. విజయవాడ కృష్ణలంకలో ఉంటాం. తాడేపల్లిలోని ఒక పాఠశాలలో ఉపాధ్యాయినిగా పని చేస్తున్నాను. రెండు ఆటోలు మారి, కృష్ణా నది మీది ప్రకాశం బ్యారేజి దాటి వెళ్లి రావడానికి రోజూ చాలా సమయం పోతోంది. ఇంట్లో మావారు వాడకుండా ఉంచిన గేర్ల బండి ఉంది. దాన్నే నేర్చుకుందామని రెండు నెలల కిందట లెర్నర్ లైసెన్సు, అంటే ఎల్‌.ఎల్‌.ఆర్‌. తీసుకున్నాను. మొదటి వారంలోనే గ్రౌండులో బండిని మలుపు తిప్పుతుండగా కంకర మీద పడ్డాను. మోకాలు గీరుకుపోవడం తప్ప పెద్ద దెబ్బేమీ తగలలేదు గానీ, అప్పటి నుంచి బండి మీద కూర్చుంటే చాలు, అరచేతులు చెమర్చుతున్నాయి. వెనక కూర్చున్న మావారు ‘బ్రేక్, బ్రేక్’ అని అరిస్తే ఏది నొక్కాలో తోచడం లేదు. ఆత్మవిశ్వాసం గురించి ఎన్నో ప్రసంగాలు విన్నాను. రోజూ పొద్దున్నే అద్దం ముందు నిలబడి ‘నేను చేయగలను’ అని పదిసార్లు చెప్పుకుంటున్నాను. ఫలితం లేదు. మా అత్తగారేమో స్కూటీ కొనుక్కుంటే పోదా అంటున్నారు. నా మనస్తత్వమే పిరికిదా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన సంగతిని మీరు ఒక్క వాక్యంలో దాటేశారు. మలుపు తిప్పుతుండగా కంకర మీద పడ్డానన్నారు. పిరికితనం గురించి మాట్లాడుకునే ముందు ఆ క్షణాన్ని నెమ్మదిగా చూద్దాం. నేర్చుకుంటున్న రోజులు కనుక బండి వేగం చాలా తక్కువగా ఉండి ఉంటుంది. మలుపు కనుక హ్యాండిల్ ఒక పక్కకు తిరిగి ఉంటుంది. అదే సమయంలో వెనక నుంచి ‘బ్రేక్’ అన్న అరుపు వినబడితే, కుడిచేయి ముందు బ్రేకును ఒక్కసారిగా పట్టేసి ఉంటుందని నా అంచనా. హ్యాండిల్ తిరిగి ఉండగా ముందు చక్రం ఠక్కున ఆగిపోతే బండి బరువంతా ఆ తిరిగిన పక్కకే ఒరుగుతుంది. మామూలు గేర్ల బండి బరువే 110 కిలోలు దాటుతుంది. దానికి ఇద్దరు మనుషుల బరువు తోడై, కింద కంకర మీద కాలికి పట్టు దొరకకపోతే ఎంత బలవంతుడైనా ఆపలేడు. అలా పడిన వారిని నేను చాలామందిని చూశాను. వారిలో వ్యాయామశాలకు వెళ్లే కుర్రవాళ్లూ ఉన్నారు.

కాబట్టి మీరు పడింది ధైర్యం లేక కాదు, బ్రేకు తప్పు చోట పడింది కనుక. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ, మీ సమస్య మొత్తం ఇక్కడే ఉందని నేను గట్టిగా నమ్ముతున్నాను. ‘నేను పిరికిదాన్ని కనుక పడ్డాను’ అనుకున్న మనిషికి చేయడానికి ఏమీ మిగలదు. ‘మలుపులో ముందు బ్రేకు పట్టాను కనుక పడ్డాను’ అనుకున్న మనిషికి మర్నాడు పొద్దున్నే చేయవలసిన పని ఒకటి కనబడుతుంది.

అద్దం ముందు చెప్పుకునే మాటలు ఎందుకు పని చేయలేదో కూడా చెబుతాను. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పని చేసిన మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లో ఈ విషయాన్ని చాలా స్పష్టంగా వివరించారు. ఒక పని నేను చేయగలనన్న నమ్మకం మనిషికి నాలుగు దారుల్లో కలుగుతుందని ఆయన అన్నారు. తానే చేసి నెగ్గిన అనుభవం ఒకటి, తనలాంటి వారు చేస్తుండగా చూడడం రెండోది, ఎదుటివారి ప్రోత్సాహపు మాటలు మూడోది, తన ఒంట్లో కలిగే మార్పులను తాను అర్థం చేసుకునే తీరు నాలుగోది. వీటిలో మొదటిదే అన్నిటికంటే బలమైనది. పాములంటే విపరీతంగా భయపడే వారితో బండూరా, ఆయన సహచరులు చేసిన ప్రయోగంలో, ఇంకొకరు పామును పట్టుకుంటుంటే చూసిన వారికంటే, పక్కన ఒకరి సాయంతో మెట్టు మెట్టుగా తామే పామును తాకి, పట్టుకున్న వారిలో నమ్మకం ఎక్కువగా పెరిగింది. మీరు ఇంతవరకూ మాటల దారినే నమ్ముకున్నారు. చేతులతో చేసి నెగ్గిన అనుభవం మీ ఖాతాలో ఒక్కటీ లేదు, పడిన అనుభవం మాత్రం ఉంది. మీ మనసు ఆ లెక్క చూసే మీకు జవాబు చెబుతోంది. ఆ లెక్కను మార్చాలి.

మీ ఎల్‌.ఎల్‌.ఆర్‌. గడువు ఆరు నెలలు కనుక ఇంకా నాలుగు నెలలు చేతిలో ఉన్నాయి. తొందరేమీ లేదు. ఎండ రాకముందే, ఉదయం అయిదున్నర ప్రాంతంలో, కంకర లేని చదునైన గ్రౌండుకు వెళ్లండి. మొదటి రెండు రోజులు ఇంజను స్టార్ట్ చేయవద్దు. హెల్మెట్ పెట్టుకుని పట్టీ బిగించి, బూట్లు వేసుకుని, న్యూట్రల్‌లో ఉన్న బండిని పక్కన నడుస్తూ తోయండి, తిప్పండి, స్టాండ్ వేయండి, తీయండి. కొంచెం ఒంచి, ఏ కోణం వరకు మీరు ఆపగలరో, ఎక్కడ బరువు చేయి దాటిపోతుందో తెలుసుకోండి. చాలామంది ఈ పనిని అవమానంగా భావించి వదిలేస్తారు. నా అనుభవంలో సగం భయం ఇక్కడే పోతుంది, ఎందుకంటే ఆ భయం రోడ్డుది కాదు, బండి బరువుది.

తరువాత క్లచ్. దీని మీద ఎంత సమయం పెట్టినా ఎక్కువ కాదు. మొదటి గేరులో ఉంచి, రేజ్ ఇవ్వకుండా, క్లచ్‌ను బియ్యపు గింజంత చొప్పున వదలండి. ఒకచోట ఇంజను శబ్దం కాస్త బరువెక్కుతుంది, బండి ముందుకు కదలబోతుంది. అక్కడే ఆగి, తిరిగి క్లచ్ పట్టేయండి. రోజుకు 50 సార్లు ఇదే చేయండి. లెక్కపెట్టండి, ఒక నోటు పుస్తకంలో రాయండి. మీరు పిల్లలకు కాపీలు రాయించే ఉపాధ్యాయిని కనుక దీని విలువ మీకు నేను చెప్పనక్కరలేదు. మూడో రోజుకో నాలుగో రోజుకో ఆ చోటు ఎక్కడుందో మీ ఎడమచేతి వేళ్లకు తెలిసిపోతుంది, మీరు ఆలోచించనక్కరలేదు. బండి మధ్యలో ఆగిపోతుందన్న భయం ఆ రోజుతో తగ్గిపోతుంది. ఒకవేళ ఆగిపోయినా ఏమీ కాదు. బెంజి సర్కిల్‌లో ఫ్లైఓవర్ లేని రోజుల్లో నా బండి సరిగ్గా సిగ్నల్ పడగానే ఆగిపోయింది. వెనక బస్సు హారన్, పక్కన ఆటోవాళ్ల కేకలు. మూడుసార్లు కిక్కు కొట్టినా అందుకోలేదు, ఎందుకంటే కంగారులో ఇంజను స్విచ్ ఆఫ్‌లో ఉందని చూడనే లేదు. ఆ రోజు నుంచి నేను నేర్పే వారందరికీ ఒక వరుస చెబుతున్నాను: ఆగిపోతే ముందు క్లచ్ పట్టు, న్యూట్రల్ చూడు, స్విచ్ చూడు, అప్పుడు స్టార్ట్ చెయ్యి. కంగారులో మనిషికి కావలసింది ఓదార్పు కాదు, చేతులకు ఒక పని.

ఆపడం నేర్చుకోవడానికి ముగ్గు పిండి తీసుకెళ్లండి. గ్రౌండులో అడ్డంగా ఒక గీత గీసి, గంటకు 20 కిలోమీటర్ల వేగంతో తిన్నగా వచ్చి, రెండు బ్రేకులూ కలిపి మెత్తగా నొక్కుతూ, ముందు చక్రం గీత మీద ఆగేలా చూడండి. మొదట రెండు బారలు దాటిపోతారు, తరువాత గీతకు ముందే ఆగిపోతారు, ఆ తరువాత చక్రానికి ముగ్గు అంటుకుంటుంది. చక్రం మీద ఆ తెల్లటి మరక కనబడిన రోజు నోటు పుస్తకంలో తేదీ వేసుకోండి. మలుపులకు మాత్రం వేరే పద్ధతి. అక్కడ ముందు బ్రేకు ముట్టుకోవద్దు. క్లచ్ సగం పట్టి, వెనక బ్రేకు మీద పాదం తేలికగా ఆనించి, తల తిప్పి మలుపు అవతలి చివరకు చూడండి. చూపు ఎటు పోతే బండి అటు పోతుంది. గుంటను చూస్తూ ఉంటే గుంటలోకే వెళ్లేది అందుకే. హ్యాండిల్‌ను బియ్యం చెరిగేటప్పుడు చేటను పట్టుకున్నంతగా పట్టుకుంటే చాలు. బిగించి పట్టుకుంటే భుజాలు బిగుసుకుంటాయి, చిన్న కుదుపుకే రేజ్ పెరుగుతుంది.

అరచేతుల చెమటను శత్రువుగా చూడకండి. కష్టమైన పనికి శరీరం సిద్ధమవుతోందని దాని అర్థం. పరీక్ష హాల్లోకి వెళ్లే మీ విద్యార్థులకు కూడా చెమట పడుతుంది, వారిలో మొదటి ర్యాంకు తెచ్చుకునే పిల్ల కూడా ఉంటుంది. సన్నటి నూలు గ్లవ్స్ వేసుకుని, స్టాండ్ తీసే ముందు నాలుగుసార్లు ఊపిరి నెమ్మదిగా, లోపలికి పీల్చినంత సేపటికంటే ఎక్కువసేపు బయటికి వదలండి.

మీవారి గురించి ఒక మాట. ఆయన ప్రేమతోనే అరుస్తున్నారు, భయంతో కూడా. గ్రౌండులో ఉన్నంతకాలం ఆయన్ను వెనక కూర్చోవద్దని, ఒక పక్క నిలబడమని అడగండి. బండి కదులుతున్నప్పుడు మాట్లాడకూడదు, ఆగాక ఒకే ఒక్క సూచన చెప్పాలి, అది కూడా ‘సరిగా నడుపు’ అని కాక ‘క్లచ్ ఇంకాస్త నెమ్మదిగా వదులు’ అన్నంత స్పష్టంగా ఉండాలి. ఈ ఒప్పందం ఇంట్లో, బండి దగ్గరకు వెళ్లకముందే చేసుకోండి. మీ అత్తగారి మాట విషయానికి వస్తే, స్కూటీ మంచి బండే. మీరు దాన్ని ఎంచుకోవచ్చు. భయపడి మాత్రం ఎంచుకోవద్దు.

రోడ్డు మీదికి వచ్చాక ముందు ఆదివారం పొద్దున్న కృష్ణలంక వీధులు, తరువాత రద్దీ లేని వేళ బందరు రోడ్డు, చివరికి బ్యారేజి. లైసెన్సు వచ్చేవరకు బండికి ముందూ వెనకా తెలుపు మీద ఎర్రటి ‘ఎల్’ గుర్తు ఉండాలి, లైసెన్సు ఉన్న మనిషి నేర్పుతూ వెంట ఉండాలి. బ్యారేజి మీకు పెద్ద కొండలా కనబడుతోందని ఉత్తరం చదివితే తెలుస్తోంది. 1957లో పూర్తయిన ఆ బ్యారేజి పొడవు దాదాపు 1,223 మీటర్లు. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వెళితే రెండున్నర నిమిషాల్లో దాటిపోతారు. ఆ వేగంలో బండి సెకనుకు 8 మీటర్లకు పైగా పోతుంది కనుక ముందు బండికి 17 మీటర్ల దూరం ఉంచితే ఆలోచించడానికి మీకు రెండు సెకన్లు దొరుకుతాయి. నది మీద గాలి పక్క నుంచి తోస్తుంది, అది సహజం. అప్పుడు పట్టు బిగించకుండా చూపు దూరంగా ఉంచండి. మీ ఆయనను వెంటబెట్టుకుని మొదటిసారి ఆదివారం తెల్లవారుజామున దాటి, సీతానగరం వైపు ఆగి, మంచినీళ్లు తాగి, తిరిగి రండి. అలా నాలుగు ఆదివారాలు చేశాక బడికి వెళ్లండి.

ప్రశ్న: గ్రౌండులో బండి బాగా నడుపుతాను. కానీ లైసెన్సు పరీక్షలో ‘ఎనిమిది’ (8 అంకె ఆకారంలో బండి తిప్పడం) వేసేటప్పుడు రెండుసార్లు కాలు కింద పెట్టేశాను. చుట్టూ జనం చూస్తుంటే చేతులు వణుకుతాయి. మళ్లీ వెళ్లాలంటే సిగ్గుగా ఉంది.
– డిగ్రీ విద్యార్థి, గుంటూరు

జవాబు: మీరు గ్రౌండులో ఎనిమిది వేశారా, లేక తిన్నగా నడిపారా? ఉత్తరంలో ఆ మాట లేదు. తిన్నగా నడపడం, ఎనిమిది వేయడం రెండు వేరువేరు విద్యలు. నెమ్మదిగా వెళ్లే బండి వేగంగా వెళ్లే బండికంటే త్వరగా పట్టు తప్పుతుంది. మొదటి గేరులో రేజ్ కొద్దిగా, ఒకే తీరుగా ఉంచి, వేగాన్ని సగం క్లచ్‌తో, తేలికపాటి వెనక బ్రేకుతో అదుపు చేయాలి. కాలు కింద పెట్టేవారిలో చాలామంది ముందు చక్రం వైపు, గీత వైపు చూస్తూ ఉంటారు. మీరు ఎప్పుడూ అవతలి వంపు చివరను చూడండి, రెండు వంపులు కలిసే చోటికి రాగానే తల రెండో పక్కకు తిప్పేయండి. ముగ్గుతో ముందు పెద్ద ఎనిమిది గీసి, పదిసార్లు కాలు పెట్టకుండా వేయగలిగాక, రోజుకు ఒక అడుగు చొప్పున తగ్గించుకుంటూ రండి.

జనం చూపుల సంగతి కూడా సాధనతోనే తీరుతుంది. నలుగురు స్నేహితులను పిలిచి గీత పక్కన నిలబెట్టండి, వారిని మాట్లాడుకోమనండి, ఒకరిని ఫోను పట్టుకుని వీడియో తీయమనండి. ఎవరూ చూడని చోట మాత్రమే నేర్చిన విద్య అందరూ చూసే చోట తడబడుతుంది. పరీక్ష తప్పిన వారం రోజుల తరువాత మళ్లీ హాజరు కావచ్చు గానీ, మీరు ఆ వారం కాగానే పరుగెత్తవద్దు. స్నేహితుల ముందు వరుసగా మూడు రోజులు కాలు పెట్టకుండా వేశాకే వెళ్లండి. ఆ ఆవరణలో మీ ముందు వారు వేస్తుంటే నిలబడి చూడడం కూడా మంచిది. మీలాగే వణికే వారు అక్కడ ఎంతమంది ఉన్నారో కళ్లారా చూస్తారు.

ప్రశ్న: మా అబ్బాయికి 17 ఏళ్లు. ఎవరూ నేర్పకుండానే గేర్ల బండి నడుపుతున్నాడు, భయమన్నదే లేదు. కాలేజీకి బండి ఇవ్వమంటున్నాడు. ఆత్మవిశ్వాసాన్ని దెబ్బతీయకూడదని ఆలోచిస్తున్నాను.
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: ఇవ్వకండి. గేర్ల బండి లైసెన్సుకు 18 ఏళ్లు నిండాలి. మైనరు బండి నడిపి నేరం చేస్తే, 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం, తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25 వేల రూపాయల జరిమానా పడవచ్చు. ఆ బండి రిజిస్ట్రేషన్‌ను ఏడాదిపాటు రద్దు చేస్తారు, పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేవరకు లైసెన్సు ఇవ్వరు. చట్టం లేకపోయినా నా మాట ఇదే. బండి నడిపి ప్రమాదం నుంచి తృటిలో తప్పించుకున్న అనుభవం లేనివాడికి భయం లేకపోవడం నైపుణ్యం కాదు, ఇంకా చూడకపోవడమే. కాలేజీకి సైకిలు ఇవ్వండి. దాని మీద రద్దీలో వెనక్కి చూసుకోవడం, చేయి చూపడం, లారీకి దూరంగా ఉండడం అలవాటవుతాయి. ఇంటి దగ్గర బండి చైను బిగించడం, టైరులో గాలి చూడడం, బ్రేకు తీగ సరిచేయడం మెకానిక్ దగ్గర కూర్చోబెట్టి నేర్పించండి. 18 నిండిన మర్నాడే ఎల్‌.ఎల్‌.ఆర్‌.కు దరఖాస్తు చేయించి, ఐ.ఎస్‌.ఐ. గుర్తు ఉన్న హెల్మెట్‌ను వాడి తలకు సరిపోయేలా వాడినే తీసుకెళ్లి కొనండి.